ఎర్ర కారు వెనకాల మూడు సీట్ల సోఫా

సోఫాల మేస్త్రికి పట్టుదలలు రెండే రెండు. కుట్టు వంకర పోతే మొత్తం విప్పి మళ్లీ కుడతాడు. ఎర్ర కారు అమ్మమంటే ససేమిరా అంటాడు.

ఆ కారు పన్నెండేళ్ల కిందట చిరిగిన సీట్లతో అతని షాపు ముందుకు వచ్చింది. ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు, నేలకు జానెడు ఎత్తు. సీట్లు కుట్టేలోగా ఇంజను పట్టేసింది. విసిగిపోయిన యజమాని "నువ్వే ఉంచుకో" అనేసి వెళ్లిపోయాడు. మెకానిక్కు అయిన బావమరిది సాయంతో తొమ్మిదేళ్లు కుస్తీ పట్టి దానికి ప్రాణం పోశాడు మేస్త్రి. ఇంతా చేసి, ఆదివారాలు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఊరు చుట్టి రావడం తప్ప ఆ కారు చేసే పనంటూ ఏమీ లేదు.

ఆ షికార్లలో ఆవిడ దారి చెప్పకూడదని షరతు. ఎందుకంటే ఆవిడకు చిన్నప్పటినుంచీ కుడి ఎడమలు తారుమారు. తొందరలో కుడి అనాల్సిన చోట ఎడమ అంటుంది, ఎడమ అనాల్సిన చోట కుడి. తీరుబడిగా ఉంటే మాత్రం గాల్లో వేలితో తన పేరు రాసుకుని, రాసిన చెయ్యి కుడి అని తేల్చుకుని, అప్పుడు సరిగ్గా చెబుతుంది. అంతసేపు కారు ఆగదు కదా! ఒకసారి ఆవిడ చెప్పిన దారిన పెళ్లికని వెళ్లి, ఎవరిదో పెళ్లిలో కడుపునిండా తిని వచ్చారు.

పాత వ్యాను మూలపడ్డాక ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"సోఫా మోయలేని కారు సోఫాల మేస్త్రికి ఎందుకండీ? అమ్మేసి వ్యాను కొందాం. ఆదివారం ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు," అంది భార్య.

మేస్త్రికి రోషం పొడుచుకొచ్చింది. "నా కారు మోయదని ఎవరన్నారు? శనివారం పెద్ద టీచరుగారి సోఫా దీంతోనే దించుతా. దించలేకపోతే నీ ఇష్టం, అమ్మేద్దాం."

బావమరిది కారు వెనక కొక్కెం బిగించి, రెండు చక్రాల చిన్న ట్రైలర్ తగిలించాడు. "వెనక్కి పోయేటప్పుడు జాగ్రత్త బావా. ట్రైలర్ కుడికి పోవాలంటే స్టీరింగ్ ఎడమకి తిప్పాలి. అంతా తిరకాసే," అని హెచ్చరించాడు. మేస్త్రి అన్నీ తెలిసినవాడిలా తలూపాడు.

శనివారం వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. సూటూ బూటూ వేసుకున్న పెద్దమనిషి గడ్డిమోపు లాక్కెళుతున్నట్టుంది వాలకం. బస్సుల వాళ్లు కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. ఎత్తు మీద ఇంజను మూలిగింది, క్లచ్ వాసనేసింది, అయినా కారు ఎక్కింది. మేస్త్రి కాలర్ సర్దుకున్నాడు.

అసలు కష్టం టీచరుగారి సందు దగ్గర ఎదురైంది. సందుకు అటువైపు దారి లేదు, లోపల తిప్పడానికి చోటూ లేదు. చివరింటి దాకా వెనక్కే పోవాలి. టీచరుగారు మెట్ల మీద నిలబడి, పరీక్ష హాల్లో చూసినట్టు చూస్తున్నారు.

మొదటిసారి ట్రైలర్ గోడవైపు తిరిగింది. రెండోసారి చీపురుకట్టలా అడ్డం పడింది. బావమరిది మాట గుర్తుంది గాని చేతులు పాత అలవాటుకే పోతున్నాయి. తలప్రాణం తోకకు రావడం అంటే ఏమిటో మేస్త్రికి నిజంగా ఒక తోక తగిలించుకున్నాకే తెలిసింది. మూడోసారి సోఫా గోడకు బెత్తెడు దూరంలో ఆగింది. ఇంకాస్త ఒరిగితే నెల రోజుల కుట్టు చిరిగిపోయేది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

పక్క సీట్లోంచి మెడ తిప్పి వెనక్కి చూస్తున్న భార్య ఇక ఉండబట్టలేకపోయింది. ట్రైలర్ కుడికి పోవాలి. "ఎడమకండీ, ఎడమకి!" అని అరిచింది.

ఆలోచించే ఓపిక లేక మేస్త్రి స్టీరింగ్ ఎడమకి తిప్పేశాడు. ట్రైలర్ బుద్ధిగా కుడికి జరిగింది.

"ఇప్పుడు కుడికి! కొంచెం! చాలు!"

అతను చెప్పింది చెప్పినట్టు తిప్పాడు. సోఫా తిన్నగా వెళ్లి టీచరుగారి మెట్ల ముందు ఆగింది. అప్పుడు వెలిగింది మేస్త్రికి. ట్రైలర్‌దీ తిరకాసే, ఆవిడదీ తిరకాసే. పొట్ట పట్టుకుని నవ్వాడు, సంగతి చెప్పాడు.

"చూశారా! ఇన్నేళ్లూ నేను సరిగ్గానే చెప్పాను. మీ వెనకాల ట్రైలర్ లేకపోవడమే లోపం," అంది ఆవిడ గర్వంగా.

తిరుగు దారిలో ఖాళీ ట్రైలర్ గలగలలాడుతుంటే, జుట్టు గాలికి ఎగురుతుంటే, ఆవిడ ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. మేస్త్రి ఆశగా అడిగాడు. "పందెం గెలిచినట్టేగా?"

"సోఫా దించింది మీరా, నేనా?"

మేస్త్రి మనసులోనే లెక్క చూసుకున్నాడు. నిజమే, ఒక్కడే అయితే గోడకు కొట్టేవాడు.

ఆదివారం పొద్దున ఫోను మోగింది. కారు చూడ్డానికి బయల్దేరినాయన. "మూడు రోడ్ల దగ్గరున్నానండీ, మీ ఇంటికి ఎటు తిరగాలి?"

కుడికి తిరిగితే నాలుగో ఇల్లు. మేస్త్రి నీరుగారిపోయి నోరు తెరవబోయాడు. భార్య చటుక్కున ఫోను లాక్కుంది.

ఏ తొందరా పడలేదు. చూపుడువేలు ఎత్తి గాల్లో తన పేరు ఒక్కో అక్షరం, ఒత్తులు కూడా వదలకుండా, ఓపిగ్గా రాసుకుంది. రాసిన చేతిని ఒకసారి చూసుకుంది. మేస్త్రి వైపూ ఒకసారి చూసింది.

"ఎడమకి తిరగండి," అంది ఫోనులో. "తిరిగి తిన్నగా వెళ్లిపోండి."