నాయనకు ఎండబెట్టిన అన్నం

మనవరాలు పట్టుబట్టి నన్ను అండమాన్ జైలు చూడ్డానికి తీసుకెళ్ళింది. నాలుగడుగులేస్తే గోడ తగిలే ఒక ఖైదీ గదిలోకి వెళ్ళగానే తడి సున్నం, ఉప్పుగాలి కలిసిన వాసన వచ్చింది. నాయన గుర్తొచ్చాడు.

నాయన పడవలు చేసే వడ్రంగి. నా ఏడో ఏట పనికోసం అండమాన్ వెళ్ళాడు. మా మైపాడులో అండమాన్ అంటే జైలే. "మీ నాయనకు ఆడ కూడు పెట్టరు మే" అని పక్కింటి అక్క ఏడిపిస్తే నమ్మేశాను. రోజూ నా అన్నంలో సగం, అమ్మ వడియాలు పెట్టినట్టే, చేటలో ఎండబెట్టాను.

అమ్మ చూడనే చూసింది. "తినే కూడు ఎండకేస్తా ఉండావే, పొగరా మే?"

"నాయనకు. జైల్లో పెట్టరంట."

ఎత్తిన చెయ్యి అమ్మ దించేసింది. "జైలు గాదు మే, పనికి పోయినాడు" అని ఎంత చెప్పినా నేను వినలేదు. చివరికి ఆ అన్నం మూటగట్టి, అటు వెళ్ళే మనిషికిచ్చి పంపింది.

మరుసటేడు నాయన వచ్చాడు. "తిన్నావా నాయనా?" అని గుమ్మంలోనే అడిగాను.

"వేయించుకోని తిన్నా మే. దాంతోనే బతికినా."

అందులో నేను ఉప్పు కూడా వేయలేదు, సరిగ్గా ఎండనివ్వనూ లేదు. ఓడ దిగేలోపే బూజు పట్టి ఉంటుందని, నేనే వడియాలు పెట్టుకునే వయసొచ్చాక అర్థమైంది. నాయన మాత్రం పోయేదాకా ఆ మాట మార్చలేదు.