నేను తీసేసిన తొమ్మిది సున్నాలు

వైటూకే పనుల కోసం బ్రిస్బేన్ వచ్చిన కొత్తలో నేనూ, నా స్నేహితుడు సతీశూ రాయ్ అనే పెద్దాయన ఇంట్లో అద్దెకు ఉండేవాళ్లం. పంతొమ్మిది వందల యాభైల్లో ఆయన అమెరికాలో జీతానికి బేస్‌బాల్ ఆడారు. బంతి విసరడం ఆయన పని. తన డెబ్బయ్యో పుట్టినరోజున అతిథులకు పంచడానికి, పాత మ్యాచ్‌ల నోటుబుక్కును కంప్యూటర్‌లో ఎక్కించమన్నారు.

మ్యాచ్‌కు ఒక వరుస, వరుసకు తొమ్మిది గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో విడతలో ఎదుటి జట్టు చేసిన పరుగులు. ఒక వరుసలో మాత్రం అన్నీ సున్నాలే. మా ఆఫీసులో అలాంటి వరుసకు సమాచారం లేదని అర్థం. వానకు ఆగిపోయిన మ్యాచ్ అయ్యుంటుందని తీసేసి, ముప్ఫై కాపీలు ప్రింటు చేశాను.

పార్టీ రోజు పెరట్లో బార్బీ, అదే మాంసం కాల్చే పొయ్యి, దగ్గర నిలబడి రాయ్ కాగితమంతా వేలితో వెతికారు. వెనక్కి తిప్పి కూడా చూశారు.

"ఒకటి తగ్గింది, మేట్."

"అది వానకు ఆగిపోయిన మ్యాచ్, అంకుల్. తీసేశాను" అని అందరి ముందూ వివరించాను.

ఆయన కాగితం నా చేతిలో పెట్టారు. తర్వాత, "వాన పడలేదు. తొమ్మిది విడతల్లో వాళ్లను ఒక్క పరుగూ చేయనివ్వలేదు. నేను అలా గెలిచింది అదొక్కటే" అన్నారు.

సతీశ్ నా చెవిలో, "పెళ్లి ఆల్బమ్‌లోంచి తాళి కట్టే ఫోటో పీకేశావు కదరా బాబూ" అన్నాడు.

కాపీలన్నీ వెనక్కి తీసుకుని ఆ వరుసను చేత్తో రాశాను. రాయ్ నా పక్కనే కుర్చీ వేసుకుని, సున్నాలు లెక్కపెట్టుకున్నాకే ఒక్కో కాపీ అతిథి చేతికిచ్చారు. ఇచ్చిన ప్రతివారికీ ఆ మ్యాచ్ కథ మొదటినుంచీ చెప్పారు. ముప్ఫయ్యో కాపీకి అది నాకు కంఠతా వచ్చేసింది.

ఇప్పటికీ ఎవరినీ అడక్కుండా నేను ఏ వరుసనూ డిలీట్ చేయను.