కూర్చోనిదే నోరు విప్పరు

1926 చలికాలంలో రంగూన్ రేవు కార్యాలయంలో నన్ను రెండో తరగతి దుబాసీగా వేశారు. తెలుగు కూలీల మాట ఇంగ్లీషులోకి, దొర మాట తెలుగులోకి మార్చడం పని. సొంత మాట ఒక్కటీ కలపకూడదని నియమం.

చేరిన నెలలోనే అహ్లోన్ రేవులో బియ్యం బస్తాలెత్తే తాడు తెగి ఒకతని కాలు విరిగింది. తాడు కట్టింది అప్పన్న. తప్పు అతనిదని తేలితే పని బిళ్ళ లాక్కుంటారు. బిళ్ళ లేనివాణ్ణి ఏ ఓడ మీదికీ ఎక్కనివ్వరు. విచారణ దొర కూలీలను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచాడు. అందరూ తెలియదన్నారు. అప్పన్న అసలు పెదవే విప్పలేదు. దొర దాన్ని నేరం ఒప్పుకోవడంగా రాయబోయాడు.

వరండాలో ఆ కూలీల గుంపులోని ముసలి సింహాద్రిని నిలదీశాను.

"గుంపు సంగతి నానొక్కణ్ణే ఎలా సెప్పేది బాబూ? మేమింకా కూకోలేదు" అన్నాడు.

గుంపులో ఏది జరిగినా ముందు అందరూ కలిసి కూర్చోవాలి, ఆ తర్వాతే బయట మాట్లాడాలి. శ్రీకాకుళంలో పుట్టి పెరిగిన నాకు ఇది తట్టనందుకు సిగ్గేసింది.

సాక్ష్యానికొచ్చిన ఓడ మేటు, అంటే కెప్టెన్ కింది అధికారి, ఐనార్ అక్కడే ఉన్నాడు. ఐస్‌లాండు మనిషి. ఏమిటి సంగతని అడిగి, విని తలూపాడు. జనం కూడి తగవు తీర్చే సభను తమ భాషలో థింగ్ అంటారట. డేన్ల టింగ్‌లో ఆ అర్థం ఇంకా బతికే ఉందట. జర్మన్ల డింగ్, ఇంగ్లీషువాళ్ళ థింగ్ మాత్రం సభ నుంచి అక్కడ మాట్లాడే విషయానికి, విషయం నుంచి ఏదో ఒక వస్తువుకు జారిపోయాయట. మొట్టమొదట ఆ మాటకు 'కూడేందుకు పెట్టుకున్న వేళ' అని అర్థం ఉండవచ్చని కూడా అన్నాడు. మన 'సంగతి' అన్న మాటా అంతే కదా అనుకున్నాను. సంస్కృతంలో అది కలయిక, మనకు విషయం. దొరలు సభను పోగొట్టుకుని సామాను మిగుల్చుకున్నారని నవ్వుకున్నాను గానీ, మనమూ తక్కువ తినలేదు.

లోపలికెళ్ళి, భయపడుతూనే, నియమం మీరాను. వీళ్ళందరినీ కలిపి కూర్చోబెట్టి అడగమన్నాను. కట్టుకథ అల్లుతారన్నాడు దొర. మీ ఎదుటే కూర్చుంటారన్నాను. నా వెంట లోపలికొచ్చిన ఐనార్ వత్తాసు పలికాడు. దొర విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

షెడ్డులో గుండ్రంగా కూర్చున్నారు. గంటసేపు ఒకరినొకరు కాదన్నారు, తిట్టుకున్నారు. నేను అన్నీ ఇంగ్లీషులో చెబుతూ పోయాను. చివరికి మేస్త్రీ గవరయ్య తల దించుకున్నాడు.

"పాత తాడే కట్టమన్నది నానే. అప్పన్న వొద్దనే అన్నాడు."

అప్పన్నకు బిళ్ళ దక్కింది, గవరయ్యకు పోయింది. నాకు మందలింపు కాగితం వచ్చింది.

పొల్లు పోకుండా అనువదించి కూడా అబద్ధాన్ని చేరవేయవచ్చని ఆ రోజు తెలిసింది. మనిషి ఎవరి మధ్య ఉంటే నిజం చెబుతాడో తెలియనివాడు, ఎన్ని భాషలు వచ్చినా, దుబాసీ కాడు.