బ్రిడ్జెట్‌ది ఏ జిల్లా?

కోవిడ్ లాక్‌డౌన్లు ముగిసిన తరువాతి వేసవిలో, మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలోని ఒక కౌన్సిల్ గ్రంథాలయంలో నన్ను కుటుంబ చరిత్ర విభాగానికి మార్చారు. పిల్లల పుస్తకాల విభాగంలో చేరి, మెల్లగా సీనియర్ లైబ్రేరియన్ దాకా వచ్చాను. పదవీ విరమణకు కొద్ది ఏళ్లే మిగిలాయి. కొత్త విభాగం అంటే ఒక మూల గది, రెండు కంప్యూటర్లు, గుర్రుమనే ఒక పాత మైక్రోఫిల్మ్ యంత్రం, నేను. తమ పూర్వీకులు ఎక్కడివాళ్లో తెలుసుకోవాలని వచ్చేవారికి దారి చూపించడం నా పని. గోదావరి ఏజెన్సీలో పుట్టి, మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి ఆస్ట్రేలియా వాళ్లకు వాళ్ల ముత్తాతల ఊళ్లు వెతికిపెట్టడం చూసి మా ఆయనకు మహా సరదాగా ఉండేది.

వచ్చేవారిలో ఐరిష్ మూలాలవాళ్లు చాలామంది. వాళ్ల పని అన్నిటికంటే కష్టం. ఐర్లండ్‌లో పుట్టిన ప్రతి బిడ్డ పేరూ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కడం 1864లో మొదలైంది. అంతకుముందు పుట్టినవాళ్లకు చర్చిలో జరిగిన జ్ఞానస్నానం నమోదే ఆధారం. పాత జనాభా లెక్కల కాగితాలు చాలావరకు నాశనమైపోయాయి. చర్చి రిజిస్టర్లేమో పారిష్ వారీగా ఉంటాయి. పారిష్ అంటే ఒక గుడి కింద ఉండే నాలుగైదు ఊళ్ల సముదాయం అనుకోవచ్చు. ఆ పారిష్ పేరు తెలియకపోతే వెతుకులాట మొదలే కాదు. ఇక్కడి పెళ్లి, మరణ ధ్రువపత్రాల్లో చూస్తే పుట్టిన చోటు దగ్గర 'ఐర్లండ్' అని ఒక్క మాట ఉంటుంది. అదృష్టం బాగుంటే కౌంటీ పేరు ఉంటుంది. కౌంటీ అంటే మన జిల్లా.

ఆ ఫిబ్రవరిలో మారీన్, కెవిన్ అనే అక్కాతమ్ముళ్లు వచ్చారు. మారీన్ రిటైరైన టీచరు, ఎనభై దాటింది. కెవిన్ ట్రామ్ డ్రైవరుగా పనిచేసి మానేశాడు, ఆమెకంటే రెండేళ్లు చిన్న. నా బల్ల ముందు మూడు కుర్చీలుంటే మధ్యది వదిలేసి చెరో చివరా కూర్చున్నారు.

వాళ్ల నాయనమ్మ తల్లి బ్రిడ్జెట్ టూహీ. బల్లారాట్ దగ్గరి ఒక శ్మశానంలో ఆవిడ సమాధి మీద రాయి లేదు. అప్పట్లో పెట్టిన చెక్క శిలువ ఏనాడో పుచ్చిపోయింది. ఈస్టర్‌కు బంధువులందరినీ పిలిచి రాయి నిలబెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. పేరు, పుట్టిన చోటు, పోయిన సంవత్సరం చెక్కించాలి. పేచీ వచ్చింది ఆ పుట్టిన చోటు దగ్గరే, అది ఏ కౌంటీ అని.

"చూడు లవ్, మాది గాల్వే. మా అక్క క్లేర్ అంటుంది. ఆమెకు కాస్త నచ్చజెప్పు" అన్నాడు కెవిన్.

"చిన్నప్పుడు వీడికి చదవడం నేర్పింది నేనే. సరిగ్గా నేర్పలేదనుకుంటా" అంది మారీన్ నాతో, అతని వైపు చూడకుండా.

నవ్వు ఆపుకున్నాను గాని, విషయం నవ్వులాట కాదని కాసేపట్లోనే అర్థమైంది. ఈ తగువు వాళ్లిద్దరి మధ్య ఏళ్ల తరబడి నలుగుతోంది. మారీన్ ప్రత్యేకించి క్లేర్ వెళ్లి అక్కడి మట్టి ముట్టుకుని వచ్చింది. కెవిన్ తన కుక్కకు గాల్వే అని పేరు పెట్టుకున్నాడు. రాతి మీద క్లేర్ అని ఉంటే తాను రానని అతను తేల్చి చెప్పాడు. గాల్వే అని చెక్కితే తానూ రానని ఆమె చెప్పింది. వాళ్ల తరంలో మిగిలింది ఆ ఇద్దరే. ఎవరూ రాని రాయి ఎందుకని రాళ్లు చెక్కే అతను పని ఆపేశాడు.

మా పనిలో మొదటి నియమం, ఎవరి మాటా నమ్మకుండా కాగితం అడగడం. ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి. కెవిన్ దగ్గర బ్రిడ్జెట్ పెళ్లి ధ్రువపత్రం నకలు ఉంది. అందులో పుట్టిన చోటు గాల్వే. మారీన్ దగ్గర ఆవిడ మరణ ధ్రువపత్రం ఉంది. అందులో క్లేర్. మామూలుగా అయితే మేము పెళ్లి కాగితానికే ఎక్కువ విలువ ఇస్తాం. పెళ్లినాడు వివరాలు చెప్పింది పెళ్లికూతురే. చావు కాగితంలో వివరాలు ఇంకెవరో చెప్పినవి. ఆ లెక్కన కెవిన్ గెలిచినట్టే. అయితే మరణ వివరాలు చెప్పింది ఆవిడ కొడుకు. చివరిదాకా తల్లితోనే ఉన్నవాడు. అతను ఊరికే క్లేర్ అని ఎందుకంటాడు?

ఇంకో సంగతి గమనించాను. బ్రిడ్జెట్ తల్లి పుట్టింటి పేరు బర్క్ అని పెళ్లి కాగితంలో ఉంది. మరణ కాగితంలో ఆ గడి ఖాళీ. తల్లి పుట్టింటి పేరు లేకుండా క్లేర్ రిజిస్టర్లలో వందల మంది బ్రిడ్జెట్‌ల మధ్య మారీన్ తిరుగుతూ వచ్చింది. ఆ పేరు చేతిలో పెట్టుకుని కెవిన్ గాల్వే దాటి చూడలేదు. ఒకరి కాగితం ఒకరు ఎప్పుడూ చూసుకోలేదు. రెండూ పక్కపక్కన పెట్టి, నకళ్లు తీసుకుని, వారం గడువు అడిగి వాళ్లను పంపేశాను.

టూహీ అనే పేరును పాత గుమాస్తాలు తోచిన స్పెల్లింగుతో రాశారు. అన్ని రకాలుగానూ, తల్లి పేరు బర్క్ అని కలిపి, రెండు కౌంటీల్లోనూ వెతికాను. మూడో రోజు దొరికింది. మౌంట్‌షానన్ అనే ఊరి పారిష్‌లో, తండ్రి మైఖేల్ టూహీ, తల్లి ఆనర్ బర్క్, బిడ్డ బ్రిడ్జెట్. కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగాను. వెతికింది దొరికినప్పుడు కలిగే సంతోషం అదే, ఇన్నేళ్ల గ్రంథాలయ ఉద్యోగంలోనూ అది తగ్గలేదు.

మ్యాపు తీస్తే మౌంట్‌షానన్ క్లేర్‌లో ఉంది. అయితే మారీనే గెలిచిందన్నమాట అనుకున్నాను. ఎందుకైనా మంచిదని బ్రిడ్జెట్ కాలంనాటి ఊళ్ల పట్టిక తెరిచాను. అందులో అదే మౌంట్‌షానన్, గాల్వే కింద ఉంది.

ఇంకెవరైనా అయితే రెండు మౌంట్‌షానన్‌లు ఉన్నాయేమో అనుకునేవారు. నాకు ఆ అనుమానం రాలేదు. మాది శబరి గోదావరిలో కలిసేచోట ఉన్న కూనవరం. మా అన్నయ్య పుట్టినప్పుడు అది తూర్పుగోదావరి జిల్లా. నేను పుట్టేనాటికి మా ప్రాంతాన్ని ఖమ్మంలో కలిపేశారు. రాష్ట్రం విడిపోయినప్పుడు తిరిగి తూర్పుగోదావరికి ఇచ్చారు. మెల్‌బోర్న్‌లో ఏ తెలుగువాళ్ల ఇంటికి వెళ్లినా "మీదే జిల్లా ఆంటీ?" అని అడుగుతారు. నేను ఏ సంవత్సరం లెక్కన చెప్పమంటావని అడుగుతాను.

ఆ సాయంత్రం రాజమండ్రిలో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. పగలబడి నవ్వాడు.

"అందులో అంత వింతేముందే? నేను తూర్పుగోదావరిలో పుట్టాను, నువ్వు ఖమ్మంలో పుట్టావు. అమ్మ ఇద్దర్నీ కన్నది మాత్రం ఆ పడమటి గదిలోనేగా!"

మర్నాడు మిగతా ఆధారాలు పట్టుకున్నాను. 1898లో అక్కడి స్థానిక పాలనను సవరించినప్పుడు మౌంట్‌షానన్ పరిసరాలను గాల్వే నుంచి తీసి క్లేర్‌లో కలిపారు. బ్రిడ్జెట్ ఓడెక్కింది అంతకు చాలా ముందు. పోయింది చాలా తరువాత. ఒక్క చర్చి నమోదుతో తృప్తి పడకూడదు కనుక, 1864 తరువాత పుట్టిన ఆవిడ తమ్ముడి కోసం ప్రభుత్వ జనన రిజిస్టరు కూడా చూశాను. అదే తల్లి, అదే తండ్రి, అదే ఊరు. కౌంటీ గడిలో గాల్వే.

అక్కాతమ్ముళ్లు వచ్చిన రోజు ఏమీ చెప్పకుండా రెండు మ్యాపులు బల్ల మీద పరిచాను. ముందు పాతది చూపించాను.

"గాల్వే! చెప్పానా!" అని కెవిన్ లేచి నిలబడ్డాడు.

కొత్తది చూపించాను. మారీన్ కళ్లజోడు సవరించుకుని వేలు పెట్టి చదివింది. "ఇది క్లేర్ కదా" అంది నెమ్మదిగా.

సంగతి వివరించాను. కెవిన్ మధ్య కుర్చీలోకి జరిగి మ్యాపు మీదికి వంగాడు.

"అంటే ముసలావిడ కదలకుండా పొయ్యి దగ్గరే ఉంది, జిల్లా కాళ్లొచ్చి నడిచిపోయిందన్నమాట" అన్నాడు.

"ఆవిడ కూడా ఇక్కడికి నడిచొచ్చేసిందిరా" అంది మారీన్. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. మారీన్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తమ్ముడి భుజం మీద కొడుతూ నవ్వింది. గోల విని పక్క గదిలోంచి మా మేనేజరు తొంగిచూసి, విషయం కనుక్కుని, తనూ నవ్వుతూ వెళ్లిపోయాడు.

రాతి మీద రెండు కౌంటీలూ వేద్దామనుకున్నారు. ఏది ముందు రావాలన్న దగ్గర మళ్లీ గొంతులు లేచాయి. చివరికి మారీనే అంది, కౌంటీ అసలు వద్దు, ఊరి పేరు చాలని. కెవిన్ ఒప్పుకున్నాడు.

ఈస్టర్‌కు నన్నూ, మా ఆయన్నీ పిలిచారు. శ్మశానం గేటు బయట చెట్ల కింద బార్బీ, అంటే ఆరుబయట నిప్పుల మీద కాల్చుకు తినే విందు, పెట్టారు. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరూ వచ్చారు. అక్కాతమ్ముళ్లు చెరో కొస పట్టుకుని గుడ్డ లాగారు. రాతి మీద 'బ్రిడ్జెట్, మౌంట్‌షానన్‌లో పుట్టింది' అని ఉంది. తరువాత నన్ను మాట్లాడమన్నారు. సరిగ్గా ఆ నెలలోనే మాకు ఇంకో కొత్త జిల్లా వచ్చిందని, ఇప్పుడు కూనవరం అల్లూరి సీతారామరాజు జిల్లా అని చెబితే అందరూ విరగబడి నవ్వారు. మా ఊరి పేరు అక్కడి పిల్లలు రకరకాలుగా పలికారు. సాసేజ్‌లు తినని మా కోసం మారీన్ మొక్కజొన్న కంకులు కాల్చి తెచ్చింది.

తిరిగి ఆఫీసుకు వెళ్లాక నేను చేసిన మార్పు ఒక్కటే. సమాచారం కోరి వచ్చేవారు నింపే పత్రంలో అప్పటిదాకా కౌంటీ ముందు, పారిష్ తరువాత, ఊరు చివర ఉండేవి. ఆ వరుసను తిరగవేసి, కౌంటీ పక్కన సంవత్సరానికి ఒక గడి పెట్టించాను. నేను రిటైరయ్యే నాటికి ఆ పత్రం అలాగే వాడుకలో ఉంది. పూర్వీకుల పుట్టిన ఊరు వెతికేవారికి ఇప్పటికీ అదే చెబుతాను. ఇద్దరు రెండు జిల్లాల పేర్లు చెబితే, ఎవరు తప్పని అడగడానికి ముందు, ఎప్పటి మాటని అడగాలి.