మేక కోశాక వచ్చిన ఆదివారం

కాఫీ తోటలు వాన పడ్డ మర్నాడే పూయవు. వారం పైన పడుతుంది. అలా ఆగి ఆగి నిన్న పూశాయి. పొద్దున తలుపు తీయగానే ఆ వాసన ఇల్లంతా నిండింది. నాకు రూతమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ సాలూరు వైపు మనిషి. అరకు లోయలో మా కొండ మీదికి వాక్యం చెప్పడానికి వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. మా ప్రార్థన మందిరంలో ఆదివారం ఆరాధన నడిపేది ఆవిడే.

నాకు పిల్లలు కలగలేదు. ఆ కారణం చెప్పి మా ఆయన పక్క ఊరి నుంచి ఇంకో అమ్మాయిని తెచ్చుకున్నాడు. మా కొండల్లో అలాంటిది జరిగితే ఊరి పెద్దలు కూర్చుని తప్పు కట్టిస్తారు. మేకను కోసి ఊరంతా తింటే గొడవ తీరినట్టే. అలాగే తిన్నారు. వచ్చిన ఆదివారం మా ఆయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని మందిరానికి వచ్చాడు. అది ఈస్టర్ తరువాతి ఆదివారం, తోటలు ఇలాగే పూసి ఉన్నాయి. కొందరు ఈస్టర్ రోజే అంటారు, కాదు.

“అమ్మగారూ, మా ముగ్గురికీ కలిపి ప్రార్థన సెయ్యండి” అన్నాడు.

“ముగ్గురికి ఏటి ప్రార్థన నాయనా?”

“పెద్దలు తీర్పు సేసేసినారు కదమ్మా. మేక కూడా కోసినాం. ఇంకేటి తప్పుంది?”

“తిన్నోళ్ళకి మేక అరిగిపోయుంటాది. దీనికి అరిగిందో లేదో అడిగినావా?”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన తల వంచుకున్నాడు. రూతమ్మగారు నా వైపు తిరిగారు.

“ఏటే గుంటా, నిన్నెవులైనా అడిగినారా?”

“లేదమ్మగారూ.”

“నాను అడుగుతన్నాను. ఒప్పుకున్నావా?”

ఒప్పుకుంటే ఇంట్లో మనుషులుంటారు. కాదంటే నేనొక్కదాన్నే. అది తెలిసే, “లేదు” అన్నాను.

వ్యభిచరించకూడదన్న ఆజ్ఞ గురించి అప్పటికి చాలాసార్లు విన్నాను. ఎప్పుడూ ఆడవాళ్ళ వైపు చూసే చెప్పేవారు. ఆ రోజు ఆవిడ మగవాళ్ళు కూర్చున్న చాప వైపు చూసి చెప్పారు. “దేవుడి ఎదట మాటిచ్చినోళ్ళు ఇద్దరు. ఆజ్ఞా ఇద్దరికీ” అన్నారు. కొత్తగా వచ్చిన అమ్మాయి ఏడుస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని మంచినీళ్ళిచ్చారు. “దీన్నేటీ అనకండి. ఏటి సెప్పి తెచ్చినాడో” అన్నారు.

ఆ వారంలోనే మా ఆయనా ఆ అమ్మాయీ కొండ దిగువ ఊరికి వెళ్ళిపోయారు. ఒక సాయంత్రం రూతమ్మగారు మా ఇంటికి వస్తే కోపం ఆపుకోలేకపోయాను. “మీరు అడక్కపోతే ఇంట్లో మనిషి అలికిడైనా ఉండేది” అన్నాను.

ఆవిడ కాదనలేదు. “నిజమే. నీకు తోడు తెచ్చే శక్తి నాకు లేదు. ఆడు మాట తప్పినాడు గనక నువ్వు ఇడిపోయినా తప్పులేదు. మళ్ళీ పెళ్ళాడతానంటే నానే నిలబడి ప్రార్థన సేత్తాను” అన్నారు. తరువాత పొయ్యి దగ్గర కూర్చుని నాతో పాటు అంబలి తాగారు.

నేను మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. భక్తి వల్ల అని మందిరంలో చెప్పుకుంటారు. అది సరికాదు. నచ్చిన మనిషి కనబడలేదు, అంతే. ఇప్పటికీ పెద్దలు ఏదైనా ఇంటి తగువు తీర్చామని చెబితే, “ఆ పిల్లని అడిగారా?” అంటాను. చాదస్తం అంటారు. అననీ.

చాలా ఏళ్ళకి, రూతమ్మగారిని సమాధి చేసిన రోజున మా ఆయన వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఆ అమ్మాయి అంతకు ముందే జ్వరంతో పోయిందని విన్నాను. అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికొచ్చాడు.

“నాను మళ్ళీ ఇంటికొత్తాను. ఒప్పుకుంటావా?”

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. అయినా, “లేదు” అన్నాను.

“సరే. అడగాలనిపించింది” అని కొండ దిగి వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆయన మీద కోపం లేదు. ఇంట్లో అలికిడీ లేదు.