దామి పేరులో రెండో అక్షరం

దేగులో అచ్చాఫీసుల సందున్న నామ్‌సాన్ పేటలో ఓక్ పిల్యే పద్దెనిమిదేళ్లు సీసపు అక్షరాలు ఏరింది. కొరియా రాతలో రెండు మూడు ముక్కలు ఒకే గడిలో సర్దుకుని ఒక అక్షరమవుతాయి. అరల్లో లేని అక్షరం కావలసివస్తే, ఆమె రెండు సీసపు అచ్చులను అరగదీసి జతచేసేది.

తొంభై ఒకటిలో యజమాని బాంగ్ సోక్జు కంప్యూటరు కొని, సీసమంతా తూకానికి అమ్మేశాడు. పిల్యేకు కాగితాలు మడిచే పని మిగిలింది.

ఆ శీతకాలం మో గ్యోంగ్‌నాన్ అనే ఆవిడ కూతురు దామి మొదటి పుట్టినరోజు పిలుపుకార్డుల కోసం వచ్చింది. బాంగ్ మీటలు నొక్కాడు. మొదటి అక్షరం కుదిరింది. రెండోదాని ముక్కలు, అంటే 'మ' గడి, దాని కింద అడ్డగీత, పక్కన నిలువు గీత, తెర మీద కలవకుండా ఎడంగా నిలబడ్డాయి. ఆ యంత్రంలో ముందే పోతపోసి పెట్టిన అక్షరాలు రెండువేల మూడువందల యాభై. ఇది వాటిలో లేదు.

"మామూలు 'మి' వేసేద్దామమ్మా. పలికితే ఒకటేగా?"

"పలకడానికేం! రాతలో అది వేరే పిల్లవుతుంది. ఆ పేరు మా మామగారు పెట్టి పోయారు. పేట ఆఫీసు కాగితంలోనూ ఆ చోటు ఖాళీయే. సర్కారు లెక్కలో నా కూతురు సగమే పుట్టిందండీ!"

మడతపెడుతున్న కాగితాలు పక్కనపెట్టి పిల్యే లేచింది.

"ఆ నిలువు గీత లేకుండా అచ్చు తియ్యి సోక్జూ. గీతున్న ఇంకో అక్షరం కూడా తియ్యి."

"ఏం చేస్తావక్కా?"

"నీ పెట్టె చెయ్యలేనిది."

సన్నకత్తితో గీతను కోసి, ఊపిరి బిగబట్టి, గీత లేని అక్షరం పక్కన అంటించింది. గ్యోంగ్‌నాన్ వంగి చూసి, ఆ పేరు మీద వేలు పెట్టబోయి ఆగింది.

"ఆరనివ్వమ్మా," అంది పిల్యే.

అప్పటినుంచి సందులో ఎవరికి అక్షరం దొరక్కపోయినా ఆమె దగ్గరికే వచ్చేవారు. అలా ఏడేళ్లు గడిచాయి. తర్వాత వచ్చిన కంప్యూటర్లలో కొరియా రాతలో కూర్చగలిగే పదకొండువేల నూట డెబ్బై రెండు అక్షరాలూ ఉన్నాయి.

"ఇక నీ కత్తికి సెలవక్కా!" అన్నాడు బాంగ్.

పిల్యే కుర్చీలో కూర్చుని, ఎవరూ ఎన్నడూ వాడని అక్షరాలు వెతికివెతికి కొట్టింది. అన్నీ కుదిరాయి. "బాగుందోయ్!" అని మనస్ఫూర్తిగా నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు నెమ్మదించింది. బొగ్గుపొయ్యి మీద అన్నం డబ్బాలు వేడెక్కుతుంటే, నల్లబడిన వేళ్లతో ఆడవాళ్లంతా కూనిరాగాలు తీస్తూ అక్షరాలు ఏరుకున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి.