శాక్సఫోన్ స్టీఫెన్

నంద్యాలలో దేవరాజు బ్యాండు సెట్టు వస్తే జనం పెళ్ళికొడుకును వదిలేసి స్టీఫెన్‌ను చూసేవాళ్ళు. చర్చి పాటలకు శాక్సఫోన్ పట్టిన మనిషి, ఫోన్‌లో జాజ్ సంగీతం విని విని ఆ పిచ్చిలో పడ్డాడు. తెలిసిన సినిమా పాటే ఎత్తుకునేవాడు. మధ్యలో ఎక్కడెక్కడో తిరిగి, ఇక పాట పోయినట్టే అనుకునేసరికి పల్లవిలో వచ్చి వాలేవాడు. సుకన్య ఆ వాయింపు వినే అతన్ని చేసుకుంది. తాగుడు సంగతి తర్వాత తెలిసింది.

ఆళ్లగడ్డలో ఒక పెళ్ళి ఊరేగింపుకు తాగి పోయి, బ్యాండు బండి మీది నుంచి బోర్లా పడ్డాడు. సుకన్య ఆసుపత్రికి పరుగెత్తేసరికి చొక్కా అంతా నెత్తురు. పైవరస ముందుపళ్ళు లేవు.

"ఇక వాయించడం కష్టం," అన్నాడు డాక్టరు.

ఆ మాటకు సుకన్య మనసులో ఏ మూలో ఒక బరువు దిగింది. బ్యాండు పోతే తాగుడూ పోతుంది. అలా అనుకున్నందుకు తనను చూసి తనకే భయం వేసింది.

శాక్సఫోన్‌ను ఆమే దేవరాజుకు ఇచ్చేసింది. స్టీఫెన్ కట్టుడుపళ్ళు వద్దన్నాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. ఎక్కడికని అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక మధ్యాహ్నం దేవరాజు ఫోన్ చేశాడు.

"సుకన్యా, ఆళ్లగడ్డకు బేగా రా. స్టీఫెన్ ఈడుండాడు."

"ఏమైందన్నా? బతికుండాడా?"

"ఉండాడు. నువ్వు రా."

బస్సు దిగేసరికి పక్కవీధిలో ఊరేగింపు. శాక్సఫోన్ వినపడింది. ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది. ఆ ఊపిరి ఎవరిదో ఆమెకు తెలుసు.

స్టీఫెన్ పైపెదవిని ఒట్టి చిగుళ్ళ మీదికి మడిచి వాయిస్తున్నాడు. వెనకటి పరుగులు లేవు. ఒక్కో స్వరమే, ఆగి ఆగి వస్తోంది. గడ్డం మీదికి సన్నగా నెత్తురు కారుతోంది. ఎగురుతున్న పిల్లకాయలు కూడా ఎగరడం మానేసి చూస్తున్నారు.

పాట అయ్యాక దగ్గరికి పోయింది. మందు వాసన లేదు.

"యాడ నేర్చుకుంటివి ఇట్లా?"

"దేవరాజన్న షెడ్డులో. దినామూ."

"నాకెందుకు చెప్పల్యా?"

"వద్దంటావని."

"నొప్పి ల్యాదా?"

"ఉంది."

ఆమె దేవరాజు వైపు తిరిగింది. "నోరట్లా చీలుతాంటే చూస్తా ఊరకుండావా అన్నా?"

"తాగి వస్తే శాక్సఫోన్ ముట్టుకోనీయనంటి. తాగకుండా వచ్చినాడు. ఈపొద్దు నెత్తురు చూసి ఆపమంటే ఇనల్యా. అందుకే నిన్ను పిలిచినా."

ఆ తర్వాత స్టీఫెన్ మళ్ళీ తాగాడు, మళ్ళీ మానాడు. వాయించడం మాత్రం మానలేదు. పెదవి పగిలిన రోజు సుకన్యే వెన్న రాస్తుంది. ఊరేగింపులకు వెంట పోతుంది. అతను వాయిస్తున్నంతసేపూ ఆ నోటివైపు మాత్రం ఆరోజు తర్వాత ఈనాటికీ మళ్ళీ చూడలేదు.